గేరుపెట్టెలోని నూనె

వ్యాకరణము, కావ్యములు చెప్పుకొని బ్రదికిన పంతులు మోటారుకారు గేరుపెట్టెలోని నూనెను గూర్చి ప్రసంగింప వచ్చుట మీకు వింతగా దోచవచ్చును. నాకును వింతగనే యున్నది. కాని యీ నూనె నేర్పిన పాఠమునకు నేను చెల్లించిన గురుదక్షిణ లక్షన్నర రూపాయలకు పైబడినది. అంత వెలపెట్టి నేర్చినదానిని దాచుకొనుట న్యాయము గాదని వచ్చితిని.

మాది ఆళ్లగడ్డ. నా భార్యకు మూత్రపిండముల జబ్బు. వారమునకు రెండుమార్లు నంద్యాలకు గొనిపోయి రక్తశుద్ధి చేయింపవలెను. దూరము ఇంచుమించు 40 కిలోమీటర్లు. నా యెడమమోకాలు క్లచ్చి త్రొక్కుటకు సహకరింపదు. అందువలన మా యబ్బాయి గేర్లు తమంతట తామే మారెడి పాతకారు నొకదానిని కొని యిచ్చెను. కారుతోడ రావలసిన పుస్తకము మాత్రము రాలేదు. కొంతకాలమునకు గేరుపెట్టె నూనె మార్పింపవలెనని యొక షెడ్డునకు గొనిపోతిని. అచటి కుఱ్ఱవాడు, “ఆటోమేటిక్ బండే గదా అయ్యవారూ, అన్నిటికీ ఈ ఎర్ర ఆయిలే పోస్తాం” అనెను. నేను ధర యడిగితిని. నూనె పేరడుగలేదు.

కొన్నివారములు బాగుగనే నడచినది. వైశాఖమాసమున నొక యుదయము నంద్యాలకు బోవుచు సిరివెళ్ల దాటితిమి. ఇంజను హోరుమని యఱచుచున్నది గాని కారు ముందునకు సాగదు. కాలు నొక్కినకొలది యఱపు హెచ్చినది, వేగము తగ్గినది. తుదకు రోడ్డుప్రక్కను నిలిచిపోయినది. దారినబోవు బస్సు నాపి నా భార్యను ఆసుపత్రికి జేర్చునప్పటికి చికిత్సకు మూడుగంటలు ఆలస్యమైనది. ఆ మూడుగంటలును ఆమె యొక్కమాట యనలేదు. అనియున్న బాగుండెడిది.

తరువాత నంద్యాలలో నొక వృద్ధుడగు మెకానిక్కు పెట్టె విప్పి చూచి, “ఇది సీవీటీ సార్. దీనికి పోయాల్సింది వేరే” అనెను. ఆ మాటతో నాకు తలకొట్టివేసినట్లయినది. ఏలయనగా మా శాస్త్రములలో నొక ప్రసిద్ధమగు నుదాహరణము గలదు. సైంధవమనగా ఉప్పు, సైంధవమనగా గుఱ్ఱము. విస్తరిముందు గూర్చున్నవాడు సైంధవము తెమ్మనిన ఉప్పు తేవలెను. ప్రయాణమునకు సిద్ధమైనవాడు తెమ్మనిన గుఱ్ఱమును తేవలెను. ఆ షెడ్డులోని కుఱ్ఱవాడు భోజనపంక్తిలోనికి గుఱ్ఱమును తోలుకొని వచ్చినాడు. ఐనను వానికంటె నా తప్పే పెద్దది. ఈ యుదాహరణమును ముప్పదియేండ్లు పాఠము చెప్పినవాడను నేను.

ఆటోమేటిక్ అను నామము సైంధవశబ్దమువంటిదే. మన రోడ్లపై ఆ పేరితో తిరుగుచున్న గేరుపెట్టెలు ముఖ్యముగా నాలుగు జాతులు. మొదటిది టార్కు కన్వర్టరు గలది. ఒక పంకా గాలి యెదుటి పంకాను త్రిప్పునట్లు, ఇందు ఇంజనుతో దిరుగు చక్రపు రెక్కలు నూనెను విసరగా, ఆ నూనె గేర్లవైపు చక్రమును త్రిప్పును. ఏ.టి.ఎఫ్. అని యంగడిలో నమ్ము నూనె పుట్టినది దీనికొఱకే. రెండవది సి.వి.టి.; ఇందు మెట్లు మెట్లుగా గేర్లు లేవు, రెండు కప్పీల నడుమ నొక యుక్కుపట్టెడ దిరుగుచుండును. మూడవది రెండు క్లచ్చిలు గల డి.సి.టి. ఈ క్లచ్చిలు నూనెలో మునిగియుండునవి కొన్ని, పొడిగా నుండునవి కొన్ని. రెంటికిని నూనెలు వేఱు. నాల్గవది ఎ.ఎం.టి. ఇది మన దేశమున 2014లో మారుతివారి సెలేరియో కారుతో వచ్చి, చౌకయగుటచే విరివిగా వ్యాపించినది. నిజమునకు ఇది మామూలు గేరుపెట్టెయే. మన కాలును చేయియు జేయుపనిని చిన్న యంత్రము చేయును, అంతియే. కావున దీనిలో బోయునది మామూలు గేరునూనె. ఎ.ఎం.టి. కారు గొని, ఆటోమేటిక్ గదాయని ఏ.టి.ఎఫ్. డబ్బా కొనువారు నేటికిని గలరు.

నూనె యనగా జాఱుటకొఱకని మనము తలతుము. ఏ.టి.ఎఫ్.కు జాఱించుటయు, పట్టించుటయు రెండును ధర్మములే. అది బలమును మోయవలెను, పండ్లచక్రములు అరుగకుండ జూడవలెను, వేడిని మోసికొనిపోయి చల్లార్చవలెను. అన్నింటికంటె సూక్ష్మమైన పని, క్లచ్చిబిళ్లలు ఒండొంటిని పట్టుకొను క్షణమున తగినంత రాపిడి నిలుపుట. రాపిడి మితిమీఱిన కారు కుదుపును. చాలనిచో బిళ్లలు జాఱుచు మాడిపోవును. ఈ హెచ్చుతగ్గులను సరిచేయుటకై నూనెలో గలుపు ద్రవ్యములే ఒక నూనెను మఱియొకదానినుండి వేఱుచేయును. వైద్యుడు ఒకే భస్మమును తేనెతో నొకరికి, వెన్నతో నొకరికి ఇచ్చునట్లు, ఇచట అనుపానమే ప్రధానము.

దీని చరిత్ర చెప్పదగినది. అమెరికాలో జనరల్ మోటార్సువారు 1939లో హైడ్రామాటిక్ అను పెట్టెను వెలువరించిరి. 1949లో టైప్ ఎ అను నూనెను, 1967లో డెక్స్‌రాన్ అనుదానిని ఏర్పఱచిరి. ఆ కాలపు నూనెలలో రాపిడిని సరిచేయుటకు కలిపినది తిమింగిలపు తైలము! 1970ల తొలినాళ్లలో అమెరికా ప్రభుత్వము దానిని నిషేధింపగా, రసాయనికులు బదులు వెదుకవలసివచ్చినది. ఆ దినములలోనే ఫోర్డువారి పెట్టెలు గట్టిపట్టు గల నూనెను, జనరల్ మోటార్సువారివి మెత్తనిపట్టు గలదానిని కోరుచుండెను. దీనిని దానిలో బోసిన కుదుపు, దానిని దీనిలో బోసిన జాఱుడు. రెండు సీసాలును ఒక్కతీరుగనే కనబడుచుండెడివి.

రంగునుబట్టి పోల్చుట అందువలననే పనికిరాదు. ఎఱుపు కేవలము అద్దకము. కారుక్రింద గారినది ఇంజను నూనెయో గేరునూనెయో తెలియుటకు వేసిన గుర్తు. ఎఱ్ఱనివన్నియు నొకటి గావు, సి.వి.టి. నూనెలలో కొన్ని ఆకుపచ్చనివి, కొన్ని తేనెరంగువి. రంగు తెలుపగల సంగతి వేఱొకటి యున్నది. గోధుమవన్నెకు దిరిగి మాడువాసన కొట్టిన, క్లచ్చిలు కాలుచున్నవి. పాలు కలిపినట్లు గులాబివన్నెకు దిరిగిన, రేడియేటరు నీరు లోనికి వచ్చినది. అప్పుడు కారును కదలింపక బాగుచేయువానినే పిలిపింపవలెను.

నా కారున కేమైనదో యిప్పుడు చెప్పెదను. సి.వి.టి.లోని పట్టెడ వందలకొలది యుక్కుబిళ్లలను గ్రుచ్చిన మాలవంటిది. అది కప్పీల నున్నని ప్రక్కలపై పండ్లు లేకుండ, ఒరపిడి పట్టుతోనే బలమును మోయును. రెంటి నడుమ నొక సన్నని నూనెపొర యుండును. ఒత్తిడిలో ఉక్కునకు ఉక్కును పట్టించు గుణము ఆ పొరకు గావలెను. మామూలు ఏ.టి.ఎఫ్.లోని మెత్తనిపట్టు ద్రవ్యములు అచ్చటనే ద్రోహము చేయును. బిళ్లలు జాఱినవి, జాఱి కప్పీల ప్రక్కలను చెక్కినవి. మా ఆళ్లగడ్డ శిల్పులు ఉలితో గీసినట్లు గీతలు గనబడినవి. అట్టి గీతలు పడిన పిమ్మట ఏ మంచినూనె పోసినను ప్రయోజనము లేదు.

కొనునప్పు డేమి చూడవలెను? కారుపుస్తకములో నూనెకు సంకేతమువంటి పేరొకటి వ్రాసియుండును. హోండావారు మెట్లగేర్లకు డి.డబ్ల్యు.-1 అనియు, సి.వి.టి.కి హెచ్.సి.ఎఫ్.-2 అనియు వ్రాయుదురు. నిస్సానువారి ఎన్.ఎస్.-2, ఎన్.ఎస్.-3 సి.వి.టి. నూనెలు. హ్యుందాయివారికి ఎస్.పి.-3, ఎస్.పి.-4 గలవు. అంకె పెద్దదైన శ్రేష్ఠమని యెంచరాదు. 2005లో వచ్చిన డెక్స్‌రాన్-6ను పాత డెక్స్‌రాన్‌లకు బదులు వాడవచ్చునని దానిని నిర్ణయించినవారే చెప్పిరి. కాని టయోటావారి టి-4 కోరు పెట్టెలో వారిదే యైన డబ్ల్యు.ఎస్. పోయరాదు, అది పలుచనిది. పుస్తకము లేనిచో, కంపెనీవారి విక్రయశాలలో ఛాసిస్ నంబరు చెప్పిన పెట్టె జాతియు, నూనె పేరును తెలియును. నేనీపని మొదటనే చేసియున్న గడియసేపు పట్టెడిది.

డబ్బా వెనుక చిన్నయక్షరములను జదువుడు. కారు కంపెనీ యామోదము పొందినదని వ్రాయుట వేఱు, ఫలానా కార్లకు అనువైనదని వ్రాయుట వేఱు. రెండవది నూనె యమ్మువాని మాట. ముప్పది కార్లకు పనికివచ్చునని చాటు డబ్బాలను జూచినప్పుడు నాకు సర్వరోగనివారిణి గుళికలు జ్ఞప్తికి వచ్చును. అవి యన్నియు చెడ్డవని యనను. మంచి కంపెనీలవి కొన్ని బాగుగనే పనిచేయును. పరీక్షించు శక్తి నాకు లేదు గనుక నేను కొనను.

ఇక మన ఎండలు. నంద్యాలలో మే నెలలో 44 డిగ్రీలు దాటుట మన మెఱుగుదుము. పెట్టెలోని నూనె మామూలుగనే 80, 90 డిగ్రీల వేడిమిలో నుండును. కుటుంబమంతయు నెక్కి ఎగువ అహోబిలమునకు పోవునప్పుడు ఇంకను హెచ్చును. మితిమీఱిన వేడిమిలో ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకును నూనె యాయువు ఇంచుమించు సగమగునని యంత్రజ్ఞులు లెక్కింతురు. జీవితాంతము మార్చనక్కఱలేదని కొన్ని కంపెనీలు చెప్పుటయు గలదు. ఎవరి జీవితమో చెప్పరు. పుస్తకములో కఠినపరిస్థితులని వేఱుగ వ్రాసిన గడువు లుండును. ఎండ, కొండ, బరువు గల మన ప్రాంతమునకు ఆ గడువే తగును.

మార్చునప్పుడు అడుగుబోల్టు విప్పిన సగమో, అంతకంటె దక్కువయో కారును. తక్కినది టార్కు కన్వర్టరులోను గొట్టములలోను నిలుచును. అందువలన ఒకసారి తప్పునూనె పోసిన, తీసి మంచిది పోసితినన్నంత మాత్రమున పాతది పోదు. కాఱినదానిని కొలిచి అంతే పోయుడు. మట్టము చూచుట సమతలముపైని, పుస్తకము చెప్పిన వేడిమిలో జరుగవలెను. పెక్కు కార్లలో ఇంజను నడచుచుండవలెను. నూనె వేడికి ఉబ్బును గనుక చల్లగా నున్నప్పటి కొలత అబద్ధము చెప్పును. ఎక్కువైన నురుగెత్తును, తక్కువైన పంపు గాలి పీల్చును.

ఇప్పుడు మా కారులో దాని కంపెనీ చెప్పిన నూనెయే యున్నది. డబ్బాపై పేరును నేను కన్నులార చదివి, నా యెదుటనే పోయించితిని. మొన్న సిరివెళ్ల దాటునప్పుడు నా భార్య, “ఇంజను చప్పుడు వింటాండారా, దోవ చూస్తాండారా?” యని యడిగినది. రెండును చేయుచున్నానంటిని.