పాత వీథిలో కొత్త ఇల్లు

ప్రాచీన పద్యమొకదానిలో ఒక పాదము చెదల పాలైనదనుకొందము. దానిని పూరింపబూనిన పండితుడు ఆ కవి పలుకులనే ఏరి కూర్చినచో అది దొంగ పాదమగును. ఛందస్సును విడిచి తన ఇచ్చ వచ్చినట్లు వ్రాసినచో పద్యమే చెడును. పాత వీథిలో ఖాళీపడిన చోట కొత్త ఇల్లు కట్టువారి చిక్కును ఇట్టిదే. జర్మనీలోని ల్యూబెక్ నగరము ఈ చిక్కును విప్పుకొన్న తీరు తెలిసికొనదగినది.

బాల్టిక్ సముద్రమునకు చేరువలో 1143లో వెలసిన ఈ వర్తక నగరము నవలాకారుడు టామస్ మన్‌కు జన్మస్థానము. 1901లో వెలువడిన ఆయన ‘బుడెన్‌బ్రూక్స్’ నవలకు ఆధారమైన ఇల్లు ఇక్కడి మెంగ్ వీథిలోనిది. ఆ సమీపముననే, సెయింట్ మేరీ చర్చి నుండి ట్రావే నది వైపునకు దిగు వీథులలో, వర్తకుల ఇండ్లు గోడకు గోడ ఆనుకొని నిలిచియుండెడివి. వీథి వైపు వెడల్పు తక్కువ. వెనుకకు పొడవు ఎక్కువ. ఇంటింటి ముందుగోడయు పైకి పోను పోను సన్నగిలి కొనదేరియుండెడిది.

1942 మార్చి 28 రాత్రి బ్రిటిష్ విమానములు కురిపించిన బాంబులకు ఆ పేట బూడిదయ్యెను. మెంగ్ వీథి ఇంటికి ముందుగోడయు నేలమాళిగయు మాత్రమే మిగిలెను. యుద్ధానంతరము, 1950 దశకములో, చిన్న స్థలములను కలిపి అచట పెద్ద పాఠశాల భవనములు కట్టిరి. చదువునకు చోటు దొరకెను. కాని వీథి మాయమయ్యెను. అడుగడుగునకు ఒక గడప పలుకరించిన చోట పొడవైన గోడలు నిలిచెను.

ఆ భవనములను తొలగించిన పిమ్మట, 2009 నుండి కొన్ని సంవత్సరములు పురాతత్త్వజ్ఞులు ఆ నేలను త్రవ్విరి. 12వ శతాబ్దపు కొయ్య నేలమాళిగలు బయటపడెను. తరువాత నగరమువారు పూర్వపు హద్దులను అనుసరించి ఆ నేలను మరల 38 చిన్న స్థలములుగా విభజించి, ముందుగోడల రూపకల్పనకు వాస్తుశిల్పులకు పోటీ పెట్టిరి. ఇల్లు వీథి అంచుననే నిలువవలెను, ఇరుగుపొరుగును ఆనుకొనవలెను, కొనదేరిన ముందుగోడ వీథిని చూడవలెను. ఈ కట్టుబాట్లకు లోబడియే, కిటికీల అమరికయందును ఇటుకల కూర్పునందును ఒక్కొక్క శిల్పి తన పోకడ చూపెను.

స్థలము వెడల్పే వీథికి ఛందస్సు. ఎన్ని గడపలుండవలెనో, నడచువాని కన్ను ఎచ్చట ఆగవలెనో నిర్ణయించునది అదియే. అది చెడినచో పాత నగిషీలెన్ని అతికించినను వీథి తిరిగి రాదు; అది నిలిచినచో కొత్త గోడయు పాత వరుసలో ఒదుగును. అయితే వీథి రూపము మరలినంతనే వర్తకుల నాటి సందడి మరలదు. దానిని తెచ్చుట శిల్పి చేతిలో లేదు. అచట కాపురముండువారి చేతిలో నున్నది.

ఉపాధ్యాయులు ఒకనాటి సాయంకాలము విద్యార్థులను తమ ఊరి పాత వీథికి తీసికొనిపోయి, గడపలను లెక్కింపజేయుదురు గాక. రెండు మూడిండ్లు కూలి ఒక్క మేడ లేచిన చోట ఆ లెక్క తప్పును. అచ్చట పోయినదేమో పిల్లలే చెప్పగలరు.