ప్రొద్దుతిరుగుడు: విత్తుటకు వేళ, పెంచుటకు తీరు



ఈ సాయంకాలమున ప్రొద్దుతిరుగుడు పంటను గూర్చి నాలుగు మాటలు మనవి చేయ దలచితిని. ఈ పువ్వును సూర్యకాంతమనియు కొందరందురు. ప్రాచీన కావ్యములలో కన్పట్టు సూర్యకాంతము పువ్వు గాదు. ఎండ సోకినంతనే నిప్పులు గ్రక్కునని కవులు వర్ణించిన మణి. మన ప్రొద్దుతిరుగుడు పుట్టినిల్లు ఉత్తర అమెరికా. అచ్చటి ఆదివాసులు నాలుగు వేల యేండ్లకు పూర్వమే దీనిని సాగులోనికి తెచ్చిరి. పదునారవ శతాబ్దమున స్పెయిను దేశస్థులు దీనిని ఐరోపాకు గొనిపోయిరి. రష్యావారు నూనెపంటగా పెంచి, గింజలో నూనె పాలు హెచ్చునట్లు విత్తనమును ఏరి యేరి బాగుచేసిరి. ఆ దేశపు నూనె రకములే 1969వ సంవత్సరమున మన దేశమునకు వచ్చినవి. 1980లో బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము నుండి మన దేశపు మొదటి సంకరవిత్తనము వెలువడినది. పిమ్మట రాయలసీమ రేగళ్ళలోను, తెలంగాణపు చెలకలలోను ఈ పంట విస్తారముగా వ్యాపించెను.

వ్యాపించిన పంట మరల తగ్గిపోయినది. 1990 ప్రాంతముల పచ్చని పొలములలో నేడు కొలదిభాగము మాత్రమే మిగిలినది. మన వంటయిండ్లకు కావలసిన ప్రొద్దుతిరుగుడు నూనెలో చాలభాగము ఉక్రెయిను, రష్యా, అర్జెంటీనా దేశములనుండి ఓడలమీద వచ్చుచున్నది. ఇందులకు ధరల ఒడుదుడుకులు, తెగుళ్ళు మున్నగు కారణములు పెక్కు గలవు. వానిలో రైతు చేతిలో నుండునది, రైతు నోటినుండి తరచు వినవచ్చునది యొకటి గలదు: “పువ్వు పళ్ళెమంత విచ్చినది గాని, నడుమ అంతయు తాలు.” నేటి ప్రసంగమునకు ఈ తాలు గింజయే మూలము.

ఒక్క మాట ముందుగా చెప్పెదను. ప్రొద్దుతిరుగుడు ఏ ఋతువునందైనను మొలచును; కాని ఏ ఋతువునందైనను గింజ కట్టదు. పగటి ప్రొద్దు నిడుపైనను కుఱుచయైనను దీనికి పెద్ద పట్టింపు లేదు. అందుచే ఎప్పుడు విత్తినను సరియేయను భ్రమ కలుగును. విత్తు దినమును నేల పదునునుబట్టి మాత్రమే నిర్ణయింపరాదు. పువ్వు విచ్చు దినమునుబట్టి నిర్ణయింపవలెను. పెండ్లి ముహూర్తము ముందు నిశ్చయించి, దానినుండి వెనుకకు లెక్కించి గదా పందిరి వేయుదుము! ఇదియు అట్టిదే.

విత్తిన 55 మొదలు 60 దినములకు పువ్వు విచ్చును. రకమునుబట్టి కొన్ని దినములు ముందువెనుకలగును. 85 మొదలు 100 దినములలో పంట కోతకు వచ్చును. పువ్వు విచ్చి గింజ కట్టు ఆ రెండు మూడు వారములలో ఎడతెగని వాన పడరాదు. 38 డిగ్రీలకు మించిన ఎండయు కాయరాదు. ఎందుచేతనో వినుడు.

మనము ఒక పువ్వని చెప్పునది నిజముగా ఒక పువ్వు గాదు. వందల కొలది చిన్నపూవుల సమూహము. అంచున మెరయు పసుపు రేకులు గింజ కట్టవు; అవి తేనెటీగలను పిలుచు జెండాలు మాత్రమే. లోపలి పళ్ళెమునందలి చిన్నపూవులు అంచునుండి నడిమికి వలయములు వలయములుగా వారము పదిదినములు విచ్చుచుండును. ప్రతి చిన్నపూవును మొదట పుప్పొడిని విడుచును. దానిని గ్రహింపవలసిన కీలాగ్రము తరువాతగాని వెలికి రాదు. కావున తన పుప్పొడి తనకు చాలవరకు ఉపకరింపదు. పొరుగు మొక్క పుప్పొడి తేనెటీగ కాళ్ళ నంటి వచ్చినగాని గింజ చక్కగా నిండదు. వాన కురిసెనా, పుప్పొడి కారిపోవును, తేనెటీగ గూడు విడిచి రాదు. ఎండ మిక్కుటమయ్యెనా, పుప్పొడి సత్తువ చచ్చును. నడిమి పూవులు కడపట విచ్చునవి గాన, అవియే తఱచు తాలుపోవును.

ఇక కార్తెల లెక్క. తేలికయైన ఎఱ్ఱ చెలకలలో వానకారు పంటను మృగశిర చివరనుండి పునర్వసు వరకు, అనగా జూను నడిమినుండి జూలై నడిమివరకు విత్తుదురు. నల్లరేగళ్ళలో ఆశ్లేష, మఖ కార్తెలు, అనగా ఆగష్టు మాసము అనుకూలము. ఈ రెంటికిని పువ్వు వానలో తడియు భయము కొంత ఉండనే యుండును. మీ యూర ఏ కార్తెలో వాన తెరపి యిచ్చునో మీకు తెలిసినంత ప్రసంగించువానికి తెలియదు. ఆ తెరపిలో పువ్వు విచ్చునట్లు 60 దినములు వెనుకకు లెక్కించుకొనుడు. రబీ పంటకు ఉత్తర, హస్త, చిత్త కార్తెలు, అనగా సెప్టెంబరు నడిమినుండి అక్టోబరు మూడవ వారమువరకు మేలు. నింగి తేటపడి చలిగాలి సాగువేళ పువ్వు విచ్చును గాన, గింజ గట్టిగా నిండును. నెల్లూరు సీమవలె ఈశాన్యపు వానలు మెండైన తావులలో మాత్రము ఆ వానలు వెనుకబడిన పిదప విత్తుట మంచిది. నీటి వసతి గల భూములలో వేసవి పంటకు సంక్రాంతి వెళ్ళినంతనే విత్తవలెను. శ్రవణ కార్తె, అనగా ఫిబ్రవరి మొదటి వారము దాటనీయకుండిన క్షేమము. ఫిబ్రవరి చివర విత్తిన పంట ఏప్రిలు చివరి మంటలో పువ్వు పట్టును; ఆ పంటకు పెట్టిన నీరును ఎరువును ఎండపాలే.

విత్తనము మాట. సంకరవిత్తనము మొదటి తరమునందే తన బలమును చూపును. ఆ పంట గింజనే మరుసటి యేట విత్తినచో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి ముందు, ఒకటి వెనుకగా పొలము కలగాపులగమగును. కావున సంకరవిత్తనమును ఏటేట క్రొత్తగా కొనవలసినదే. సొంత విత్తనము దాచుకొన గోరువారు సంకరము గాని సూటిరకమును వేసికొనవలెను. వారును రెండు విషయము లెరుగవలెను. క్రొత్తగా కోసిన గింజ సుమారు నెలన్నర నిద్రించును. అంతలో విత్తిన మొలవదు. నూనె గల గింజ గనుక ఎక్కువకాలము నిలువయున్నను మొలకెత్తు శక్తి తగ్గును. ఏ విత్తనమైనను విత్తుటకు వారము ముందు నూరు గింజలను తడి గోనెలో చుట్టి చూడుడు. డెబ్బదికి తక్కువ మొలచినచో ఆ సంచిని తిరిగి యిచ్చివేయుడు.

ఎకరమునకు రెండు, రెండున్నర కిలోల విత్తనము చాలును. తామరపురుగుల బాధ తొలినాళ్ళలో లేకుండుటకు ఇమిడాక్లోప్రిడ్ పొడిమందును కిలో విత్తనమునకు 5 గ్రాములు పట్టించి, పిమ్మట శిలీంధ్రములు సోకకుండ థైరము 3 గ్రాములు పట్టింపవలెను. మందు పట్టించియే అమ్ము సంచులును గలవు. పైని వ్రాసినది చదివించుకొనుడు. అట్టి గింజ మిగిలినను కోళ్ళకు వేయరాదు.

భూమి మాట. నీరు నిలువని భూమి యేదైనను దీనికి పనికివచ్చును. నీరు నిలిచెనా వేరు కుళ్ళును. తల్లివేరు లోతుగా పోవును గాన లోతుగా దున్ని, ఎకరమునకు రెండు మూడు టన్నుల చివికిన పశువుల యెరువు వేసి కలియబెట్టవలెను. నేలను పరీక్ష చేయించి నత్రజని, భాస్వరము, పొటాషుల మోతాదు తెలిసికొనుడు. భాస్వరమును పొటాషును విత్తునపుడే వేసి, నత్రజనిలో సగము అప్పుడును, తక్కిన సగమును నెలదినములకు, ఏబది దినములకు రెండు సారులుగా నిచ్చుట పద్ధతి. నూనెపంటలకు గంధకము కావలెను. అది కొఱవడిన నేలకు ఎకరమునకు ఒక బస్తా జిప్సము వేసినచో తీరును.

నల్లరేగడిలో చాలునకు చాలు రెండడుగులు, మొక్కకు మొక్క అడుగు ఎడముండవలెను. చెలకలో చాలునకు చాలు ఒకటిన్నర అడుగు, మొక్కకు మొక్క జానెడు చాలును. గింజ రెండంగుళముల లోతు మించరాదు. గొఱ్ఱుతో విత్తినను బోదెలపై నాటినను ఈ కొలతయే. 10 మొదలు 15 దినములలో కుదురునకు బలమైన మొక్క నొక్కదానిని నిలిపి తక్కినవి తీసివేయవలెను. మొలచిన మొక్కను పెరికివేయుటకు చేయి రాదు. కాని రెండు మొక్కలున్న కుదురున రెండును చిన్నపూవులే పూయును. తొలి నెలన్నర కలుపు లేకుండ గుంటక తోలి, మొదళ్ళకు మన్ను ఎగద్రోయవలెను. లేనిచో పువ్వు బరువునకు గాలిలో మొక్క ఒరిగిపోవును.

నీటి వసతి గలవారు మూడు వేళలు మరువరాదు: మొగ్గ తొడుగునప్పుడు, పువ్వు విచ్చునప్పుడు, గింజ పాలుపోసికొనునప్పుడు. ఈ మూటిలో ఏది తప్పినను తరువాత ఎంత నీరు పెట్టినను లోటు తీరదు.

ఇప్పుడు తాలునకు చికిత్స. పసుపు రేకులు విచ్చుకొను సమయమున వెలిగారమును లీటరు నీటికి 2 గ్రాముల వంతున కరగించి పువ్వు ముఖము తడియునట్లు చల్లవలెను. వెలిగారమునందలి బోరాను గింజ కట్టుటకు తోడ్పడును. రెండవది పుప్పొడి. ఎకరమునకు రెండు తేనెపెట్టెలు నిలిపినచో ఆ యీగలే పని చేసిపెట్టును. అవి లేనిచో మెత్తని మల్లుగుడ్డను అరచేతికి చుట్టుకొని, ఉదయము 8 గంటలనుండి 11 గంటలలోపుగా ఒక పువ్వు తరువాత నొక పువ్వును సుతారముగా నిమురుచు పోవలెను. దినము విడిచి దినముగా పువ్వు నడిమివరకు విచ్చుదాక నిట్లు చేయవలెను. ఇంటి పిల్లలును చేయదగిన పని యిది. వానకారు పంటకు ఇది తప్పనిసరి. లేత మొక్క ప్రొద్దువెంట తిరుగును గాని, విచ్చిన పువ్వు తిరుగుట మాని తూర్పు ముఖముగా నిలుచును. తూరుపెండకు త్వరగా వెచ్చబడిన పువ్వుమీదికి ఈగ లెక్కువగా వచ్చును. అందుచే పువ్వు విచ్చియుండగా పురుగుమందు చల్లరాదు. శనగపచ్చ పురుగు మిక్కుటమై విధిలేక చల్లవలసివచ్చెనా, ఈగలు గూడు చేరిన పిదప సాయంవేళ మాత్రమే చల్లుడు.

తెగుళ్ళలో భయంకరమైనది ఎండు తెగులు. ఇది 1997లో అప్పటి అనంతపురము జిల్లా సరిహద్దునకు సమీపమున నున్న కర్ణాటకపు బాగేపల్లి ప్రాంతమున మొదట గుర్తింపబడినది. ఆకులపై ఎండిన మచ్చలు లేచి, మొక్క తల మెలితిరిగి, పువ్వు విచ్చకయే పోవును. పుప్పొడియందు దాగు వైరసు దీనికి కారణము. తామరపురుగులు దానిని మోసికొని వచ్చును. ఆ వైరసునకు ఆశ్రయము గట్లమీద పెరుగు వయ్యారిభామ కలుపు. అది పూయకముందే పెరికివేయుట ఒక రైతు పని గాదు, ఊరి పని. ఒకరి గట్టు శుభ్రముగా నుండి పొరుగువాని గట్టు తెల్లగా పూచియుండిన ఫలమేమి? పెద్దలు పూనుకొని ఊరంతటిచే ఆ పని చేయింపవలసి యున్నది. పొలము చుట్టు నాలుగైదు సాళ్ళు జొన్నను దట్టముగా విత్తినచో పురుగులకు కొంత అడ్డగును. ఒకే చేనిలో వెంటవెంట ప్రొద్దుతిరుగుడు వేయక, నడుమ అపరాలో జొన్నయో వేసినచో తెగులును తగ్గును, నేలయు కోలుకొనును.

గింజ పాలుపట్టినది మొదలు రామచిలుకలు దిగును. ఉదయము సాయంత్రము మంచె మీద ఒకరు కావలియుండవలెను. ఊరిలో నలుగురును ఒకేమారు విత్తినచో చిలుకల బాధ అందరికి పంచుకొనిపోవును. ఒంటరి చేను చిలుకలకే విందు.

పువ్వు వెనుకభాగము ఆకుపచ్చ పోయి నిమ్మపండు వన్నెకు తిరిగినప్పుడు కోతకు వేళ. కోసిన పూవులను పచ్చిగా కుప్ప వేసినచో బూజు పట్టును. రెండు మూడు దినములు పలుచగా ఎండబెట్టి, కఱ్ఱలతో కొట్టి గింజ రాల్చి, తూర్పారబట్టి, మరల ఎండబెట్టవలెను. తేమ నూటికి 9, 10 పాళ్ళకు మించనప్పుడే సంచుల కెత్తుడు.

పెద్దలారా! మీరు పంచాంగము చూడనిదే ఏ శుభకార్యమును తలపెట్టరు. ప్రొద్దుతిరుగుడు విత్తదలచినప్పుడును ఆ పంచాంగమునే తెరచి, 60 దినముల అవతలి కార్తె యేదో చూచి, అప్పుడు మీ యూర వానయా, వడగాలియా, తేట యెండయా యని యోచింపుడు. తేట యెండ యని తోచినచో విత్తుడు. కాదని తోచినచో ఆ చేనికి వేరొక పంట నెన్నుకొనుడు.

సెలవు.