పొగ లేని నిప్పు – వ్యాధినిరోధక లోపం గలవారికి కాలేయ పరీక్ష

కొండమీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉన్నదని ఊహించవచ్చును. తర్కశాస్త్రం చదివే బాలునికి గురువు చెప్పే తొలి పాఠం ఇది. పొగ కనబడనంత మాత్రాన నిప్పు లేదనరాదు అన్నది దాని వెంటనే వచ్చే పాఠం. కొలిమిలో కాలిన ఇనుపగుండులో నిప్పు నిండుగా ఉంటుంది, పొగ మాత్రం రాదు. ఈ పాఠాన్ని నలభై ఏండ్లు పిల్లలకు చెప్పిన నేను, నా మేనల్లుని అనారోగ్యం విషయంలో దానిని మరచినాను. ఆ పొరపాటు మరొక కుటుంబంలో జరుగరాదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

చరకసంహిత సూత్రస్థానం 28వ అధ్యాయంలో వ్యాధిక్షమత్వం అనే మాట ఉన్నది. రోగాన్ని తట్టుకొనే శక్తి అన్ని శరీరాలకు సమానంగా ఉండదని ఆచార్యుని అభిప్రాయం. ఈ శక్తి శరీరనిర్మాణంలోనే, తరచుగా జన్యులోపం చేత, కొరవడితే నేటి వైద్యులు దానిని ప్రాథమిక వ్యాధినిరోధక లోపం అంటారు. ఇది ఎయిడ్స్ కాదు, అంటురోగమూ కాదు. ఇప్పటికి 450కి పైగా రకాలు గుర్తించినారు. 1952లో ఆగ్డెన్ బ్రూటన్ అనే అమెరికా సైనిక వైద్యుడు, మాటిమాటికి జబ్బుపడే ఒక బాలుని రక్తంలో గామా గ్లోబ్యులిన్ లేదని కనుగొని, దానినే సూదిమందుగా ఇచ్చి మేలు చేసినాడు. నేటికీ ఈ రోగులలో చాలామందికి చికిత్స అదే. వేలమంది దాతల ప్లాస్మా నుండి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను మూడు నాలుగు వారాలకొకసారి రక్తనాళంలోకి ఎక్కిస్తారు.

ఈ లోపం పెద్దవయసులో కూడ బయటపడవచ్చును. పెద్దలలో తరచుగా కనబడే రకం పేరు సి.వి.ఐ.డి. మా మేనల్లునికి అది ముప్పై ఆరవ ఏట తెలిసినది. ఒకచోట చేయించిన రక్తపరీక్షలో హెపటైటిస్ సి యాంటీబాడీ లేదని వచ్చినది. కాలేయానికి భయం లేదని మా చెల్లెలు స్వామికి కొబ్బరికాయ కొట్టినది. నేనూ సంతోషించినాను. ఏడాదిన్నర తరువాత ఒక రాత్రి అతనికి నెత్తురు వాంతి అయినది.

మా పొరపాటు ఎక్కడ? వైరస్ ప్రవేశించినప్పుడు శరీరం తయారుచేసుకొనే రక్షణ పదార్థమే యాంటీబాడీ. అది పొగ వంటిది. యాంటీబాడీలను తయారుచేయలేని శరీరంలో వైరస్ ఉన్నా ఆ పరీక్షకు అందకపోవచ్చును. ఇది ఇనుపగుండు దృష్టాంతం. దీనికి విపరీతం కూడ కలదు. గొల్లవాడు కుండలో పొగ పట్టి తెస్తే, నిప్పు లేనిచోట పొగ కనబడుతుంది. అట్లే దాతల యాంటీబాడీలు ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో పాటు రోగి రక్తంలో చేరి, లేని హెపటైటిస్‌ను ఉన్నట్లు చూపవచ్చును.

కనుక వీరి విషయంలో నిప్పునే వెదకవలెను. వైరస్ జన్యుపదార్థాన్ని నేరుగా పట్టే పి.సి.ఆర్. పరీక్ష అందుకు తగినది. 1993–94లో అమెరికాలోను, కొన్ని ఐరోపా దేశాలలోను ఇమ్యునోగ్లోబ్యులిన్ ద్వారానే హెపటైటిస్ సి కొందరికి సోకినప్పుడు, యాంటీబాడీ పరీక్షకు చిక్కనివారిలో కూడ ఈ పరీక్ష వైరస్‌ను చూపినది. తరువాత ఆ మందు తయారీలో వైరస్‌ను నశింపజేసే ప్రక్రియలు చేర్చినారు గనుక దానికి భయపడి చికిత్స మానరాదు. హెపటైటిస్ సి కనబడినా నేడు కొన్ని వారాల మాత్రలతో చాలామందికి నయమవుతున్నది.

మా మేనల్లునికి పి.సి.ఆర్.లో కూడ వైరస్ కనబడలేదు. సి.వి.ఐ.డి.లో వైరస్ లేకుండానే కాలేయం చెడవచ్చునని అప్పుడు తెలిసినది. కాలేయమంతటా చిన్న చిన్న బొడిపెలు ఏర్పడతాయి. అవి క్యాన్సరు గడ్డలు కావు, కాని కాలేయంలో రక్తప్రవాహానికి అడ్డుపడతాయి. అందుచేత పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, అన్నవాహికలోని సిరలు ఉబ్బి చిట్లవచ్చును. ఇంత జరుగుతున్నా కామెర్లు ఉండకపోవచ్చును. ఆల్బుమిన్ మామూలుగా ఉండవచ్చును. అల్ట్రాసౌండులో కాలేయం చక్కగానే కనబడవచ్చును. తరచుగా తొలి సూచన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొద్దిగా పెరగడమే.

మా పాత కాగితాలలో ఆ అంకె ఎక్కువగానే ఉన్నది. ప్లీహం పెరిగినదని కూడ ఉన్నది. ఈ జబ్బులో ప్లీహం పెరగడం మామూలేనని అందరం సరిపెట్టుకొన్నాము. రక్తవహ స్రోతస్సులకు మూలమని చరకుడు యకృత్తును, ప్లీహాన్ని జంటగా చెప్పినాడు. ఆ రెంటినీ కలిపి చూడవలెనని మాకు తోచలేదు.

మెడ సిర ద్వారా కాలేయపు ముక్క తీసి పరీక్షించిన తరువాతనే నిర్ధారణ జరిగినది. ఉబ్బిన సిరలకు ఎండోస్కోపీతో రబ్బరు పట్టీలు వేసినారు. వైద్యులు ఇదంతా వివరించినప్పుడు అతడు నా వైపు చూచి, “మామయ్యా, ఇనుపగుండు పాఠం నాకు చెప్పినది మీరే గదా!” అన్నాడు. నేను తల వంచుకొన్నాను.

మీ ఇంట ఈ లోపం గలవారుంటే, చికిత్స చేసే వైద్యులను ఈ సంగతులు అడుగుడు. హెపటైటిస్ బి, సి లకు పి.సి.ఆర్. చేసినారా? ఎ.ఎల్.టి., ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ప్లేట్‌లెట్లు ఎంత కాలానికొకసారి చూడవలెను? అల్ట్రాసౌండులో ప్లీహం కొలత ఎంత? ఫైబ్రోస్కాన్ అవసరమా? కాలేయ నిపుణునికి చూపవలెనా? పాత కాగితాలన్నీ తేదీల వరుసలో పెట్టి తీసికొని వెళ్ళండి. ఒక్క కాగితం చెప్పని సంగతి, మూడేండ్ల కాగితాలు కలిసి చెప్పవచ్చును. మలం నల్లగా వచ్చినా, నెత్తురు వాంతి అయినా తెల్లవారే దాక ఆగక వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

గత కార్తికంలో మా మేనల్లుడు మెట్లు నెమ్మదిగా ఎక్కి స్వామిని దర్శించుకొన్నాడు. మా చెల్లెలు మరల కొబ్బరికాయ కొట్టినది. ఈసారి పరీక్షల కాగితాల సంచి కూడ ఆమె చేతిలోనే ఉన్నది.