చెట్టు నీడలో లాన్ పెరగడం లేదా?



ఇంటి ముందు వేపచెట్టో మామిడిచెట్టో ఉంటే దాని కింద లాన్ నిలవదు. లాన్ గడ్డికి ఎండ కావాలి. నీడలో అది పలచబడిపోయి నేల బయటపడుతుంది. వానాకాలంలో ఆ మట్టి కొట్టుకుపోతుంది. ఏటా కొత్త లాన్ వేయించే బదులు అక్కడ మోండో గ్రాస్ నాటి చూడండి.

పేరులో గ్రాస్ ఉన్నా ఇది గడ్డి కాదు. గరిక, వరి ఒక కుటుంబం. ఇది మన శతావరి కుటుంబం. దీని వేళ్లకు కూడా చిన్న దుంపలు ఉంటాయి. జపాన్, చైనా, కొరియాల్లో సహజంగా పెరిగే మొక్క. సన్నని ముదురాకుపచ్చ ఆకులు ఏడాది పొడవునా అలాగే ఉంటాయి. సుమారు జానెడు ఎత్తు పెరుగుతుంది, కాబట్టి మాటిమాటికీ కత్తిరించే పని లేదు.

నాటడానికి జూలై మంచి నెల. చెట్టు వేళ్లు తెగకుండా పైమట్టిని గుల్లచేసి, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. నర్సరీ కవర్లోంచి దుబ్బును తీసి, ప్రతి పిలకకూ వేళ్లు ఉండేలా విడదీయండి. ఆరంగుళాలకు ఒకటి చొప్పున నాటండి.

ఎన్ని కావాలో లెక్క పిల్లలకు అప్పగించండి. ఆరంగుళాల దూరమైతే ఒక చదరపు అడుగుకు 4 పిలకలు. 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున్న మడికి 120. ఒక్కో దుబ్బులో 6 పిలకలు వస్తే 20 దుబ్బులు చాలు. మొక్క ధర కనుక్కుంటే బడ్జెట్ కూడా వాళ్లే చెప్పేస్తారు.

కొన్ని జాగ్రత్తలు. ఇది నెమ్మదిగా పాకుతుంది. నేలంతా కప్పడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. అంతవరకు కలుపు తీస్తూ, తడి ఆరకుండా చూడాలి. నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే ఆకుల కొసలు మాడిపోతాయి. దీనిమీద ఆడుకోవడం కుదరదు, నడవడానికి మధ్యలో రాళ్లు పరచండి. నీలిరంగు కాయలు కాస్తే చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి.

నాటిన రోజు ఒక ఫొటో తీసి, నెలకోసారి అదే చోటు నుంచి మరొకటి తీయించండి. రోజూ చూసే కళ్లకు కనిపించని ఎదుగుదల ఆ ఫొటోల్లో పిల్లలకు తెలుస్తుంది.