కంపెనీ కారు, భత్యపు బండి

గండి క్షేత్రమున పాపఘ్నీనది కొండలను చీల్చుకొని పాఱుచోట ఆకసమున బంగారు తోరణ మొకటి కలదనియు, అది అందఱికిని కానరాదనియు మన సీమ జనులు చెప్పుకొందురు. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు కలెక్టరుగా నుండిన థామస్ మన్రోకు అది కనబడెనని ఐతిహ్యము. ఆదాయపు పన్ను చట్టమునకు ఇందుకు విపరీతమైన దృష్టి గలదు. యజమాని యిచ్చిన కారు లోకమున కెల్ల కానవచ్చును. దాని విలువ మాత్రము చట్టమునకు కానరాదు.

శ్రావణ శనివారమున వీరాంజనేయస్వామి దర్శనమునకు వచ్చిన ఇద్దఱు ఉద్యోగులను ఊహింపుడు. ఇద్దఱును నూటికి 30 చొప్పున పన్ను చెల్లించువారే. మొదటివాడు వచ్చిన పెద్ద కారు కంపెనీది. పెట్రోలును డ్రైవరు జీతమును కంపెనీవే. వారమంతయు ఆ కారు ఉద్యోగపు పనికి తిరుగును, సెలవునాడు కుటుంబమును మోయును. రెండవవాడు సొంతబండిపై వచ్చినాడు. యజమాని వానికి నెలకు 20,000 రూపాయలు వాహనభత్యముగా నిచ్చును.

1961 నాటి చట్టము క్రింద, 1962 నియమావళిలోని మూడవ నియమము మొదటివాని సౌకర్యమునకు వెలకట్టిన తీరు చూడుడు. ఇంజను 1.6 లీటర్లకు లోబడినచో నెలకు 1,800 రూపాయలు, మించినచో 2,400. డ్రైవరున్నచో మఱియొక 900. కారు వెల ఇరువది లక్షలైనను అఱువది లక్షలైనను, ఎంత పెట్రోలు కాలినను లెక్క ఇదియే. ఏటికి 39,600 రూపాయలు ఆదాయమున చేరగా పన్ను 11,880 అగును. రెండవవాని భత్యము ఏటికి 2,40,000. ఉద్యోగవిధికై వ్యయమైనంత మేరకు మినహాయింపు కలదు. ఆ వ్యయమును చూపలేనిచో పన్ను 72,000! సెస్సు వేఱు. ఇంటినుండి కచేరికి పోవుటకు నెలకు 1,600 రూపాయల వఱకు ఉండిన మినహాయింపును 2018 బడ్జెటు తొలగించి, జీతగాండ్ర కందఱికిని ఏకమొత్తపు తగ్గింపు నిచ్చినది.

స్థిరమైన లెక్కకు సమర్థన లేకపోలేదు. ఉద్యోగపు ప్రయాణమును సొంత ప్రయాణమును వేఱుచేయుట కష్టము. తగవులు తగ్గుట మేలే. కాని కొలుచుట చట్టమునకు తెలియనిది కాదు. కేవలము విధికే వాడిన కారునకు తేదీ, గమ్యము, దూరము, వ్యయము వ్రాసిన పుస్తకమును, యజమాని ధ్రువపత్రమును చూపినచో పన్నే లేదు. కేవలము సొంతమునకు వాడినచో అసలు ఖర్చునకు కారు వెలలో ఏటికి పదియవవంతు అరుగుదలగా కలిపిరి. నడిమి మార్గమున మాత్రము కొలబద్దను పాఱవైచిరి.

బ్రిటనునందు 2002 నుండి కారు ప్రకటితపు వెలను, అది విడుచు బొగ్గుపులుసు వాయువును బట్టి పన్ను కట్టుచున్నారు. సొంతప్రయాణమునకు ఇంధన మిచ్చినచో దానికి వేఱుగ లెక్క కలదు. సొంతబండిని విధికై నడపువానికి మైలునకు ఇంతయని పన్ను లేని భత్యమును కలదు.

1961 చట్టమునకు మాఱుగా 2025 నాటి చట్టము 2026 ఏప్రిల్ 1న అమలునకు వచ్చినది. చట్టము పేరు మాఱినంతనే, రూపాయల అంకె పెరిగినంతనే న్యాయము సిద్ధింపదు. కారు వెలయు సొంతవాడుకయు లెక్కకు రావలెను. సొంతబండివానికి మైలు భత్యము ఏర్పడవలెను. పొలము పొలమును కొలిపించిన మన్రోయే, భారము హెచ్చైనదని తెలిసి, 1807లో శిస్తున నాలుగవవంతు తగ్గింపుమని సిఫారసు చేసెను. కొలిచినవానికే హెచ్చుతగ్గులు తెలియును. గండికి వచ్చిన బండ్లు రెండును నడచినది ఒకే దారి. పన్నునకు మాత్రము రెండు దారు లేల?