స్లైడ్ మారేటప్పుడు కన్ను ఏం చూస్తుంది?

2016 మార్చి 31న తెలంగాణ శాసనసభలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు సాగునీటి ప్రాజెక్టుల మీద పవర్‌పాయింట్ ప్రజెంటేషన్ ఇచ్చారు. మరుసటి ఏడాది ఆగస్టు 10న పోచంపాడ్‌లో శ్రీరాంసాగర్ పునరుజ్జీవన పథకానికి శంకుస్థాపన జరిగింది. నీటి లెక్కల్ని తెర మీద చూపించి ఒప్పించడం ఇప్పుడు ఇంజనీర్లకూ, రైతు శిక్షణ తరగతులకూ మామూలే. కానీ ఒక స్లైడ్ పోయి మరొకటి వచ్చే ఆ క్షణాన్ని, అంటే ట్రాన్సిషన్‌ను, చాలామంది ముస్తాబుగానే చూస్తారు. నిజానికి చూసేవారికి విషయం అందడమో, చేజారడమో చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

1997లో రెన్సింక్, ఓ'రీగన్, క్లార్క్ అనే శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రకటించారు. ఒక ఫొటోను 240 మిల్లీసెకన్లు చూపి, 80 మిల్లీసెకన్లు ఖాళీ తెర ఉంచి, చిన్న మార్పు చేసిన అదే ఫొటోను చూపారు. ఇలా మళ్ళీ మళ్ళీ తిప్పినా, ఎదురుగా ఉన్న పెద్ద మార్పులు కూడా జనానికి చాలాసేపు పట్టుబడలేదు. మామూలుగా ఏదైనా మారితే అక్కడ ఒక కదలిక తగిలి కన్ను అటు లాగబడుతుంది. తెరంతా ఒక్కసారి మెరిస్తే ఆ చిన్న కదలిక అందులో మునిగిపోతుంది. గిర్రున తిరిగే, ఎగిరివచ్చే ట్రాన్సిషన్లు చేసే హానీ ఇదే. అలాగని మరీ నెమ్మదైన ఫేడ్ కూడా క్షేమం కాదు. ఖాళీ తెర లేకుండా మార్పు మెల్లమెల్లగా వచ్చినా చాలామంది గమనించరని 2000లో సైమన్స్ బృందం చూపింది.

ఇప్పుడు పోచంపాడ్‌లోని శ్రీరాంసాగర్ జలాశయం పూడిక సంగతి తీసుకుందాం. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ జలాశయం పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. మొదట లెక్కగట్టిన నిల్వ 112 టీఎంసీలు. 1994 సర్వేలో అది సుమారు 90కి దిగింది, తరువాతి సర్వేలో 80 చిల్లరకు వచ్చింది. మట్టం మాత్రం అదే. అందుకే పైనుంచి గీసిన పటాలు రెండు పక్కపక్కన పెడితే నీలం రంగు ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది, నష్టం కనిపించదు. జలాశయాన్ని అడ్డంగా కోసినట్టు బొమ్మ గీయాలి. ఆ స్లైడ్‌కు నకలు తీసి, నకలులో నేల గీతను మాత్రమే పైకి జరిపి, మార్ఫ్ ట్రాన్సిషన్ (మొదటి స్లైడ్‌లోని బొమ్మను రెండో స్లైడ్‌లోని రూపానికి జరుపుతూ మార్చేది) ఇవ్వాలి. పై గీత కదలదు, అడుగు లేస్తుంది. నీరు ఎక్కడ తగ్గిందో కన్నే చెబుతుంది. బొమ్మ రెండు స్లైడ్లలోనూ ఒకే చోట, ఒకే కొలతలో ఉండాలి. వెంట్రుకవాసి జరిగినా తెరంతా కదిలి అసలు మార్పు మరుగున పడుతుంది.

ట్రాన్సిషన్ దిశకు కూడా అర్థం ఉంది. పునరుజ్జీవన పథకంలో కాళేశ్వరం నీరు వరద కాలువలో ఎదురు నడిచి పంపుల మీదుగా శ్రీరాంసాగర్ చేరాలి. పటంలో శ్రీరాంసాగర్ ఎడమ పైన, ఆ కాలువ చేరే మధ్యమానేరు జలాశయం కుడి కింద ఉంటాయి. కాలువ మామూలు ప్రవాహానికి ఎడమ నుంచి కుడికి వైప్ (ఒక అంచు నుంచి తుడిచినట్టు మారే ట్రాన్సిషన్) ఇచ్చినవారు, ఎదురు ప్రవాహానికి కుడి నుంచి ఎడమకు ఇవ్వాలి. అన్ని స్లైడ్లకూ ఒకే ట్రాన్సిషన్ ఇచ్చే ‘అప్లై టు ఆల్’ నొక్కితే ఈ భేదం పోతుంది. నీటి లెక్క ముగించి పసుపు ధరల వంటి వేరే విషయంలోకి వెళ్ళేటప్పుడు ఏ ట్రాన్సిషనూ వద్దు, నేరుగా మారడమే మేలు. అక్కడ ఒకటి ఇంకొకటిగా మారడం లేదు కదా.

మార్ఫ్‌తో ఒక ప్రమాదం ఉంది, దీన్ని నేను చాలా గట్టిగా చెప్పదలచుకున్నాను. రెండు సర్వేల మధ్య నేల గీత ఒకే వేగంతో లేచినట్టు అది చూపుతుంది. అసలు పూడిక అలా చేరదు, పెద్ద వరద వచ్చిన ఏడు ఎక్కువ ఒండ్రు దిగుతుంది. తెర మీద మధ్యలో కనిపించే గీతలు ఎవరూ కొలిచినవి కావు, సాఫ్ట్‌వేర్ ఊహించినవి. కాబట్టి ఏ సర్వేకు ఆ స్లైడ్ పెట్టి, సంవత్సరం పెద్ద అక్షరాలతో రాసి, దానంతట అదే ముందుకు పోకుండా ఆపి, ‘ఇవి కొలిచిన అంకెలు, మధ్యవి కావు’ అని వక్త నోటితో చెప్పాలి.