మీకు తెలుసా? ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తల్లి పాలు బిడ్డకు క్షేమమే!

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి ఎందరికో ఎముకలు వంగిపోయాయి. ఆ నీళ్లే తాగిన బాలింత పాలు బిడ్డకు పట్టొచ్చా? నిశ్చింతగా పట్టొచ్చు. ఎందుకో తెలియాలంటే పాలు ఎలా తయారవుతాయో చూడాలి.

రొమ్ములో 15 నుంచి 20 తమ్మెలుంటాయి. వాటిలో ద్రాక్షగుత్తుల్లా చిన్న చిన్న పాలతిత్తులు. ప్రొలాక్టిన్ అనే హార్మోను ప్రభావంతో ఆ తిత్తుల గోడల్లోని కణాలు రక్తం నుంచి కావలసినవి తీసుకుని పాలు తయారుచేస్తాయి. బిడ్డ నోటితో పట్టగానే ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. తిత్తుల చుట్టూ అల్లుకున్న కండర కణాలు బిగుసుకుని పాలను నాళాల్లోకి నెడతాయి. పాలు చేపడమంటే ఇదే. కొందరు తల్లులకు బిడ్డ ఏడుపు వినబడినా చాలు, చేపు వచ్చేస్తుంది.

రక్తంలోని ఫ్లోరైడ్ మాత్రం పాలలోకి అతి స్వల్పంగానే చేరుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగే తల్లి పాలలో అది సాధారణంగా 0.01 మిల్లీగ్రాము వరకే ఉంటుంది. అదే బోరు నీటిలో డబ్బాపాలు కలిపితే ఆ ఫ్లోరైడంతా బిడ్డ కడుపులోకే పోతుంది. కాచినా అది పోదు. కాబట్టి ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే పట్టండి, విడిగా నీళ్లు కూడా వద్దు.